తాతయ్య గూగుల్‌లో దొరకడు

ఫోన్ తీసి మీ ముత్తాత పేరు ఒకసారి కొట్టి చూడండి. ఇంటిపేరుతో సహా. ఏమొచ్చింది? అదే పేరుతో ఫేస్‌బుక్‌లో ఉన్న ఇద్దరు ముగ్గురు, ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు, ఎక్కడిదో ఓటర్ల జాబితా. ఆయన మాత్రం రాడు. సెర్చ్ బాక్సు లెక్క ప్రకారం ఆయన పుట్టలేదు, పెరగలేదు, పోలేదు.

అయినా ఆయన పేరు ఎప్పుడో ఒకప్పుడు అచ్చులో పడే ఉండొచ్చు. హైదరాబాదు, మద్రాసు నుంచి వచ్చే పెద్ద పేపర్ల సంగతి వదిలేయండి. మీ జిల్లా ఊళ్ళో వారానికోసారి నాలుగు పేజీలో ఎనిమిది పేజీలో వేసిన చిన్న పేపర్లో. కోర్టు వేలం నోటీసులోనో, గుడి జీర్ణోద్ధారణకి చందా ఇచ్చినవాళ్ళ జాబితాలోనో, సత్యాగ్రహంలో అరెస్టయినవాళ్ళ వరసలోనో, పోయిన ప్రామిసరీ నోటు గురించి వేయించిన నాలుగు లైన్ల ప్రకటనలోనో. ఆ పేపర్లు ఇంకా కొన్ని లైబ్రరీల్లో, గుడ్డ బైండింగుల్లో, దుమ్ము కింద ఉన్నాయి. ఈ వారం కబుర్లు వాటి గురించే.

ఊరికో పేపరుండేది

వార్తంటే రాజధాని నుంచే రావాలని మనకి అలవాటైపోయింది గానీ, తెలుగు పత్రికల చరిత్రలో సగం చిన్న ఊళ్ళదే. కృష్ణాపత్రిక 1902లో బందరులో మొదలైంది. ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో పోయేదాకా దానికి సంపాదకులు. నెల్లూరు నుంచి జమీన్ రైతు వచ్చింది. వెంకటగిరి జమీందారీ రైతుల గోడు చెప్పడానికి నెల్లూరు వెంకట్రామానాయుడు గారు నడిపిన వారపత్రిక అది. దాని పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా తిరగేయొచ్చు. నల్లగొండలో 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక పెట్టారు. అదే ఏడాది వరంగల్లు వైపు ఇనుగుర్తి అనే పల్లెటూళ్ళో ఒద్దిరాజు సోదరులు తెలుగు పత్రిక తెచ్చారు. పల్లెటూళ్ళో ప్రెస్సు, పల్లెటూళ్ళో పత్రిక! 1926లో హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రిక మొదలైంది.

ఇవి పేరున్నవి. ఏడాదో రెండేళ్ళో నడిచి ఆగిపోయినవి ఇంకెన్నో. మనకి పనికొచ్చేవి ఒక్కోసారి ఆ ఆగిపోయినవే. ఎందుకంటే పేపరు ఎంత చిన్నదైతే అందులోకి అంత చిన్న మనిషి పేరు ఎక్కుతుంది.

గోలకొండ పత్రిక మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నారు. దానికి ప్రతాపరెడ్డి గారు వ్యాసం రాసి ఊరుకోలేదు. జిల్లాలన్నీ గాలించి 354 మంది కవుల వివరాలు, పద్యాలు పోగేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. లేరన్నదానికి జవాబు పేర్ల జాబితా! వాళ్ళలో చాలామంది పేరు ఆ సంచిక దాటి మళ్ళీ ఎక్కడా కనపడదు. మీ ఇంట్లో 'ముత్తాత పద్యాలు చెప్పేవాడట' అనే మాట ఉంటే, అది మాటగా మిగిలిందా, అచ్చులో ఉందా చూడటానికి మొదట తెరవాల్సిన పుస్తకం అదే.

లైబ్రరీ తర్వాత, ముందు అమ్మమ్మ

పాత తెలుగు పేపర్లు స్కాన్ చేసినవి నెట్‌లో దొరికినా, చాలావరకు అవి ఫొటోలే. పేరు కొడితే వెతికిపెట్టవు. ఒక్కో పేజీ మీరే తిరగేయాలి. వారపత్రికకి ఏడాదికి 52 సంచికలు, ఒక్కోటి ఎనిమిది పేజీలనుకుంటే 416 పేజీలు. 'ఎప్పుడో బ్రిటిష్ కాలంలో' అనే ఆధారంతో వెళ్తే మీ రిటైర్మెంట్ కూడా ఆ లైబ్రరీలోనే అవుతుంది. అందుకే పేరు పట్టుకుని వెళ్ళొద్దు. తేదీ పట్టుకుని వెళ్ళండి.

ఆ తేదీ ఇంట్లో ఉంటుంది. తేదీలాగా మాత్రం ఉండదు.

'మీ తాత విరోధిలో పుట్టాడు' అంటుంది అమ్మమ్మ. విరోధి అంటే తెలుగు సంవత్సరం పేరు. ఆ పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. విరోధి 1949-50, దానికి ముందుది 1889-90, తర్వాతది 2009-10. తాతయ్యకైతే మొదటిది, ముత్తాతకైతే రెండోది. ఉగాది నుంచి ఉగాదికి లెక్క కాబట్టి జనవరి, ఫిబ్రవరి, మార్చి దగ్గర జాగ్రత్త. అవి ఇంగ్లీషు లెక్కలో తర్వాతి ఏడాదిలోకి వెళ్తాయి.

'గాలివాన అప్పుడు నాకు ఏడేళ్ళు' అంటారు ఇంకొకరు. ఏ గాలివాన? దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. నెల్లూరువాళ్ళ పాతతరం చెప్పుకున్నది 1927 నవంబరు మొదట్లో వచ్చింది. తెలంగాణలోనైతే 'రజాకార్ల కాలం', 'పోలీసు యాక్షన్ అయినంక' అంటారు. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరు 13న మొదలై 17న ముగిసింది. గోదావరి జిల్లాల్లో 'పుష్కరాల ఏడాది' అంటారు. పుష్కరం పన్నెండేళ్ళకోసారి, 2015 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళొచ్చు.

పాత పొలం కాగితాల్లో 'ఫసలీ' అని ఉంటే కంగారుపడకండి. ఆ అంకెకి 590 కలపండి. 1350 ఫసలీ అంటే సుమారు 1940-41. నిజాం రాజ్యంలో సర్కారీ కాగితాల్లో ఇదే లెక్క. ఆంధ్ర వైపు రెవెన్యూ లెక్కల్లోనూ ఫసలీ ఉంది.

ఇలా ఒక్కో మాటని తేదీగా మార్చుకుంటే వెతకాల్సింది ముప్పై ఏళ్ళ నుంచి ఆరు నెలలకి దిగుతుంది. ఆరు నెలలంటే రెండు పూటల పని.

హెడ్‌లైన్లు వదిలేయండి

బైండింగు తెరవగానే కళ్ళు మొదటి పేజీకి పోతాయి. గాంధీగారి పర్యటన, యుద్ధం, మంత్రివర్గం. అవన్నీ పుస్తకాల్లో ఎలాగూ దొరుకుతాయి. మీ ఇంటి సంగతి లోపలి పేజీల అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

వేలం నోటీసు చూడండి. అప్పు తీర్చనివాడి పొలాన్ని కోర్టు వేలం వేసేముందు వేసే ప్రకటన. అందులో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని సెంట్లు, తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏ డొంక, పడమర ఎవరిది, ఉత్తరాన ఏ కాలువ అన్నీ ఉంటాయి. వంశవృక్షం గీయడానికి ఇంతకంటే ఏం కావాలి? నాలుగు లైన్లలో రెండు తరాలు, ఇరుగుపొరుగు, ఊరి పటం.

ఐపీ నోటీసు ఇంకోటి. 'వాడు ఐపీ పెట్టాడురా' అని మనం ఇప్పటికీ అంటాం కదా, ఆ మాట దివాలా పిటిషన్ నుంచి వచ్చింది. 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో ఐ.పి. నంబరు పడేది. నోటీసులో అప్పులవాళ్ళ పేర్లు వరసగా కనపడితే, ఊళ్ళో ఎవరు ఎవరికి వడ్డీకి ఇచ్చేవాళ్ళో అక్కడే తెలిసిపోతుంది.

చందాల జాబితాలు వదలకండి. బడికి, గుడికి, వరద బాధితులకి, ఖద్దరు నిధికి. రూపాయి ఇచ్చినవాళ్ళ పేరు కూడా వేసేవాళ్ళు. పరీక్షా ఫలితాల్లో ఎక్కువగా నంబర్లే ఉంటాయి. ఇంట్లో పెట్టె అడుగున తాతయ్య ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఉంటే ఆ నంబరుతో సరిచూడొచ్చు. ఇంకా సంతాప సభలు, ఉద్యోగుల బదిలీలు, నాటక సమాజాల ప్రదర్శనలు. 'చింతామణి'లో ఫలానావారు సుబ్బిశెట్టి వేషం రక్తి కట్టించారు అని రాసిన ఆ ఫలానావారు మీ ముత్తాత కాకూడదని ఏముంది?

భాష మొదట కాస్త తిప్పలు పెడుతుంది. డి.ము. కోర్టు అంటే డిస్ట్రిక్టు మునసబు కోర్టు. అరసున్నలు, బండి ఱలు, 'యందు', 'సదరు', 'మజ్కూరు'. గంటసేపు చదివితే కన్ను అలవాటు పడుతుంది. నోరు తిరగని లైన్ పైకి చదవండి, చెవికి అర్థమైపోతుంది.

నాలుగెకరాల కథ

ఇదంతా కాలక్షేపం అనుకుంటారేమో. కాదని నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను.

మా అమ్మమ్మ పుట్టింట్లో ఒక కథ ఉంది. వాళ్ళ నాన్నకి ఉన్న నాలుగెకరాల మాగాణిని ఆయన అన్నగారు మోసం చేసి రాయించుకున్నాడని. ఈ కథ మాకు అన్నంతోపాటు కలిపి పెట్టారు. ఆ పెదనాన్న వైపువాళ్ళతో మాటల్లేవు. పెళ్ళిళ్ళకి పిలుపుల్లేవు. ఒకే ఇంటిపేరు, ఒకే వీధి. చావు కబురొస్తే మైల స్నానం చేయడం వరకే చుట్టరికం. ఎవరితో ఎందుకు మాట్లాడకూడదో మాకెవరూ సరిగ్గా చెప్పలేదు. మాట్లాడకూడదని మాత్రం నేర్పారు.

జిల్లా కేంద్రంలోని ఒక లైబ్రరీలో, 1950ల చివరినాటి ఒక వారపత్రిక బైండింగులో, మూడో పేజీ అడుగున ఓ కోర్టు వేలం నోటీసు కనపడింది. డిక్రీదారు ఆ ఊరి షావుకారు. బాకీపడ్డవాడు అమ్మమ్మ వాళ్ళ నాన్న. ఆస్తి నాలుగెకరాల చిల్లర. హద్దులు: తూర్పు కాలువ గట్టు, దక్షిణం డొంక, ఉత్తరం ఇంకొకరి మాగాణి, పడమర అన్నగారి పొలం. మోసగాడని మేం చిన్నప్పటి నుంచీ విన్న మనిషి ఆ నోటీసులో ఉన్నది హద్దుగా మాత్రమే.

నోటీసు అక్కడితో ఆగిపోతుంది. వేలం జరిగిందా, ఎవరు పాడుకున్నారు అనేది పేపర్లో లేదు. దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి చేతిరాత రిజిస్టర్లలో వెతికించుకోవాలి. నోటీసులో సర్వే నంబరు ఉంది కాబట్టే అది కుదిరింది. పొలం పాడుకున్నది షావుకారే. రెండేళ్ళ తర్వాత ఆయన దగ్గర డబ్బు పోసి కొనుక్కున్నది అన్నగారు.

మరి అసలు ఆ అప్పు ఎందుకు చేశారు? అది పేపరు చెప్పలేదు, రిజిస్టరూ చెప్పలేదు. మా చిన్నమ్మమ్మకి ఎనభై నాలుగేళ్ళు. నోటీసు ఫొటో ఫోన్లో పెద్దది చేసి చదివి వినిపించాను. షావుకారు పేరు దగ్గర ఆపమంది.

'ఆ అప్పు నా పెళ్ళికిరా' అంది. 'కట్నం ఎక్కువ అడిగారు. ఈ సంబంధం మనకి తూగదు, ఇంకోటి చూద్దామన్నాడు పెదనాన్న. నాన్న వినలేదు. పొలం పోయాక అన్నదమ్ములు ఆ మాట మీదే విడిపోయారు.'

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, 'ఎవరడిగారు? నా మూలాన పోయిందని నా అంతట నేనే చాటుకోవాలా?' అంది.

అన్నగారు దేవుడని నేననడం లేదు. తమ్ముడి పొలం కొన్నాక ఆయనకి తిరిగి ఇవ్వొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ రోజుల్లో ఆ ఇద్దరి మధ్యా ఏం మాటలు జరిగాయో ఏ కాగితం మీదా లేదు. కానీ 'మోసం చేసి రాయించుకున్నాడు' అనే మాట ఇక మా ఇంట్లో చెల్లదు. పోయిన వేసవిలో ఆ వైపు నుంచి శుభలేఖ వచ్చింది. మా అమ్మ వెళ్ళింది. చిన్నమ్మమ్మ కూడా బయల్దేరింది, ముందు సీటు తనకే కావాలంది.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, పేపరు ఒక్కటే ఈ ముడి విప్పలేదు. చిన్నమ్మమ్మ ఒక్కతే కూడా విప్పలేదు. పేపర్లో అప్పు ఉంది, కారణం లేదు. ఆమె దగ్గర కారణం ఉంది, అడిగేవాళ్ళు లేరు. నోటీసు చేతిలో లేకపోతే ఏం అడగాలో నాకు తెలిసేది కాదు. ఆ రెండూ కలవాలి. అదీ ఆమె ఉండగానే కలవాలి.

పేపర్లో లేనివాళ్ళు

ఎన్ని బైండింగులు తిరగేసినా కొందరు కనపడరు. దానికీ కారణముంది.

ఆ పేపర్లలో పేరెక్కాలంటే పొలం ఉండాలి, లేదా చదువు, లేదా కోర్టుకెళ్ళేంత అప్పు. అప్పు పుట్టడానికి కూడా ఆస్తి కావాలి కదా! కూలికెళ్ళిన ముత్తాత వేలం నోటీసులో ఉండడు, వేలం వేయడానికి ఆయనకేముంది? పేరెక్కినా చాలాచోట్ల ఇంటిపేరు, తండ్రి పేరు లేకుండా ఒట్టి పేరు, పక్కన కులం. అక్కడ మీ వెతుకులాట ఆగిపోతే తప్పు మీది కాదు, అది రాసినవాళ్ళ చూపు.

అలాంటప్పుడు ఆ మనుషులు తమకోసం తామే పెట్టుకున్న పత్రికల వైపు వెళ్ళాలి. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టారు. ఆది హిందువుల సభలు, బడులు, తీర్మానాలు ఇలాంటి పత్రికల్లోనే వెతకాలి.

ఆడవాళ్ళదీ అదే పరిస్థితి. పాత నోటీసుల్లో ఆమె 'ఫలానావారి భార్య', భర్త పోతే 'ఫలానావారి వితంతువు'. పెళ్ళితో ఇంటిపేరు మారిపోతుంది కాబట్టి ముత్తవ్వని రెండు ఇంటిపేర్ల కింద వెతకాలి. పుట్టింటి పేరు ఏంటో మీకు తెలుసా? చాలామందికి ముత్తవ్వ పేరే తెలియదు. ఆమె పేరు దొరికే అవకాశం ఎక్కువగా ఆడవాళ్ళ పత్రికల్లో ఉంది. 1902లో మొదలైన హిందూ సుందరి, 1928లో మద్రాసులో డాక్టర్ కేసరి గారు పెట్టిన గృహలక్ష్మి లాంటివి. వ్యాసాలు, స్త్రీ సమాజాల వార్తలు, పాఠకుల ఉత్తరాలు. ఊరు పేరుతో, సొంత పేరుతో.

ఇంకాస్త ఇటుగా వస్తే సంగతి మారుతుంది. 1980ల చివర్లో పెద్ద దినపత్రికలు జిల్లాకో చిన్న పేపరు జతచేయడం మొదలుపెట్టాక, మండలానికో విలేకరి వచ్చాక, పల్లెల్లో మామూలు మనుషులు కుప్పలుగా అచ్చులోకి వచ్చారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో జిల్లాలు దాటింది. వేలిముద్ర వేసే ఆడవాళ్ళ పేర్లు, ఫొటోలు పేపర్లో పడ్డాయి. మీ నాయనమ్మ ఆ రోజుల్లో సారా దుకాణం ముందు కూర్చుని ఉంటే, ఆ ఫొటో ఇంట్లో లేకపోవచ్చు. ఆ జిల్లా పేపర్లో ఉండొచ్చు.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

మన దగ్గర ఒక చిక్కుంది. తాత పేరు మనవడికి పెడతాం. వెంకయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు మళ్ళీ వెంకయ్య. కాబట్టి 1925లో దొరికిన వెంకయ్య, 1975లో దొరికిన వెంకయ్య ఒక్కరు కాకపోవచ్చు. పెద్ద కొడుకుకీ రెండో కొడుకుకీ పుట్టిన ఇద్దరు మనవళ్ళకీ తాత పేరే పెట్టి ఉంటే ఒకే కాలంలో, ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వెంకయ్యలు తిరుగుతుంటారు. ఊళ్ళో వాళ్ళని పొట్టి వెంకయ్య, చెరువుకట్ట వెంకయ్య అంటారు. పేపరుకి ఆ తేడా తెలియదు.

అందుకే పేరు కలిసిందని ఎగిరి గంతేయకండి. తండ్రి పేరు కలవాలి, ఊరు కలవాలి, వయసు కుదరాలి. మూడింటిలో రెండైనా లేకపోతే పక్కన పెట్టండి. ఇంటిపేరు అచ్చుతప్పు కూడా మామూలే. ఒత్తు పోతుంది, దీర్ఘం పోతుంది. రెండు మూడు రకాలుగా రాసి చూసుకోండి.

ఎక్కడికెళ్ళాలి, ఎలా చూడాలి

మొదట మీ జిల్లా కేంద్ర గ్రంథాలయం. అక్కడ లేకపోతే పాత లైబ్రరీలు. బాపట్ల జిల్లా వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. పాత పత్రికలు దాచడంలో దానికి పేరు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. కోస్తా, రాయలసీమ 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి చెన్నైలో 1896 నాటి కన్నెమరా లైబ్రరీ కూడా మనదే అనుకోవచ్చు. ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాలంటే ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత పత్రికలు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న తెలుగు పత్రికల స్కాన్లు ఉన్నాయి. తెలంగాణ ముత్తాతలకి ఇంకో మాట. నిజాం కాలంలో పేపర్లు ఎక్కువగా ఉర్దూవి. ఉర్దూ చదివే స్నేహితుడు ఉంటే ఒక రోజు బిర్యానీ పెట్టి తీసుకెళ్ళండి.

వెళ్ళేముందు ఫోన్ చేసి బైండింగులు చూడనిస్తారో లేదో కనుక్కోండి. ఒక తెల్లకాగితం మీద గ్రంథాలయాధికారి గారికి అర్జీ, గుర్తింపు కార్డు జిరాక్సు పట్టుకెళ్ళండి. పెన్ను కాకుండా పెన్సిల్ వాడండి. వేలికి ఉమ్ము తడి చేసి పేజీ తిప్పే అలవాటు గుమ్మం బయటే వదిలేయండి. మడత దగ్గర పేజీ విరుగుతుంది కాబట్టి రెండు చేతులతో, కింద అరచెయ్యి ఆనించి తిప్పాలి. ఫొటోకి అనుమతి అడిగి, ఫ్లాష్ ఆపి, వరసగా మూడు తీయండి. మొదట తేదీ కనపడేలా పత్రిక పేరు, తర్వాత పేజీ మొత్తం, చివరికి మీకు కావలసిన ముక్క. ముక్క ఒక్కటే తీసుకొస్తే ఆర్నెల్లకి అది ఏ పేపరో, ఏ ఏడాదో మీకే గుర్తుండదు.

ఇంకొక్క మాట. వెతుకుతుంటే పక్కింటివాళ్ళ సంగతులూ కనపడతాయి. ఎవరి తాతో ఐపీ పెట్టాడు, ఎవరి ముత్తాత మీదో దొంగతనం కేసు. అది వాళ్ళ ఇంటి సంగతి. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కాదు. మన ఇంటిదైనా, గ్రూపులో వేసేముందు దాన్ని మోస్తున్న పెద్దవాళ్ళకి విడిగా చూపించండి. మా చిన్నమ్మమ్మ ఆ నోటీసుని గ్రూపులో నలభై మంది ముందు మొదటిసారి చూసి ఉంటే నోరు విప్పేది కాదు.

తూకానికి పోకముందే

పేపరు కాగితం నాసిరకం చెక్క గుజ్జుతో చేస్తారు. అందులోని ఆమ్లమే దాన్ని లోపల్నుంచి తింటుంది. ముందు పసుపు, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత అప్పడం. మన ఎండ, తేమ, చెదలు కలిస్తే ఇంకా తొందర. వాటిని తప్పించుకున్నవి స్థలం లేదనే మాటతో తూకానికి పోతాయి. చిన్న ఊళ్ళో ఆగిపోయిన పత్రికకి సంపాదకుడి ఇంటి అటక తప్ప ఇంకెక్కడా కాపీ లేకపోవచ్చు. ఇల్లు అమ్మిన రోజు అటకా ఖాళీ అవుతుంది.

అడిగే హక్కు మనకి ఉంది. ఇంటి పన్ను రసీదు ఒకసారి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది, రూపాయికి 8 పైసలు. ఆ డబ్బు మనమే కడుతున్నాం, పోటీ పరీక్షల పుస్తకాల కోసం తప్ప ఆ గుమ్మం తొక్కడం లేదు. ఎవరూ తెరవని బైండింగు బరువుగా కనపడుతుంది, నెలకి నలుగురు తెరిచేది ఆస్తిగా కనపడుతుంది. మీరు రిజిస్టర్లో సంతకం పెట్టి ఫలానా సంవత్సరం కావాలని అడగడమే ఆ ఏడాదికి రక్షణ.

ఈ ఆదివారం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ పక్కన కూర్చుని మూడు అడగండి. ముత్తవ్వ పుట్టింటి ఇంటిపేరు ఏంటి? మనం ఆ ఊరు ఎందుకు వదిలాం, అప్పుడు గాలివానా, కరువా, ఇంకేదైనా జరిగిందా? మన ఇంట్లో ఎవరితో మాటల్లేవు, ఎందుకు? ఫోన్లో రికార్డింగు నొక్కి పక్కన పెట్టండి. మూడో ప్రశ్నకి జవాబు చెప్పకుండా టీ తాగుతారా అని మాట మార్చారంటే, మీరు ఏ సంవత్సరం బైండింగు అడగాలో దాదాపు తెలిసినట్టే.